తీపి గుమ్మడికాయ అట్లు: ఉదయం టిఫినుకు ఇంట్లో సరిగ్గా వేసుకునే పద్ధతి

గుమ్మడికాయ అట్లు వేయబోయి విసిగిపోయినవారు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. పైన మాడిపోతున్నాయనీ, లోపల పచ్చిగా మిగులుతున్నాయనీ, తిప్పబోతే రెండు ముక్కలవుతున్నాయనీ అంటారు. ఈ మూడింటికీ మూలం చాలావరకు ఒక్కటే. పచ్చి గుమ్మడికాయ బరువులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే ఉంటుంది. ఆ నీటిని ముందుగా తగ్గించకుండా పిండి కొలతలు ఎన్నిసార్లు మార్చినా అట్టు కుదరదు.

ఇక్కడ చెబుతున్నవి పలుచని బెల్లం అట్లు కావు. పాన్‌కేకుల తరహాలో అరచేతి వెడల్పున, కాస్త మందంగా, మెత్తగా పొంగే అట్లు. పనిలో సగం ముందురోజు సాయంత్రమే ముగించుకుంటే ఉదయం పిండి కలిపి పెనం పెట్టడమే మిగులుతుంది.

1. కాయను ఎంచుకోవడం

ఈ వంటకు కావలసినది తీపి గుమ్మడి. వడియాలకు వాడే బూడిద గుమ్మడి దీనికి పనికిరాదు.

బాగా ముదిరిన కాయలో నీరు తక్కువగా, తీపి ఎక్కువగా ఉంటుంది. లేతకాయ కూరకు, పులుసుకు బాగుంటుందేమో కాని అట్లకు మంచిది కాదు. గోదావరి లంకల నుంచి వచ్చే కాయలైనా, సంతలో కోసి అమ్మే ముక్కలైనా ఈ గుర్తులు చూసి తీసుకోవాలి.

- తొడిమ ఎండి, గట్టిపడి ఉండాలి. పచ్చగా, మెత్తగా ఉంటే కాయ ఇంకా ముదరలేదని అర్థం.
- చెక్కు మీద గోరు గుచ్చితే సులువుగా దిగకూడదు.
- కోసిన ముక్క లోపల ముదురు నారింజ రంగులో ఉండాలి. లేత పసుపు రంగు ముక్కలో తీపి తక్కువ.
- గింజలు నిండుగా, గట్టిగా ఉండాలి. వేలితో నొక్కితే అణిగిపోయేవి లేత గింజలు.
- కోసిన వైపు జిగురుగా కాని, నీరు కారుతూ కాని ఉంటే ఆ ముక్క తీసుకోవద్దు.

ఇంటికి తెచ్చాక చిన్న పచ్చి ముక్కను నాలుక చివర పెట్టి చూడండి. చేదు తగిలితే కాయ మొత్తం పారవేయాలి. గుమ్మడి జాతి కాయల్లో అరుదుగా వచ్చే ఆ చేదు పదార్థం ఉడికించినా పోదు, పైగా వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. బెల్లం వేస్తే సర్దుకుంటుందని ఊరుకోకూడదు.

ముదిరిన కాయను కోయకుండా గాలి ఆడే పొడిచోట పెడితే కొన్ని వారాల పాటు నిలుస్తుంది. కోసిన ముక్క సంగతి వేరు. డెల్టా ప్రాంతపు తేమ గాలిలో అది త్వరగా చెడుతుంది కాబట్టి గింజలు, పీచు తీసివేసి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు నాలుగు రోజుల్లో వాడుకోవడం మంచిది.

2. కావలసినవి

ఈ కొలతలతో నలుగురికి సరిపడే పన్నెండు అట్లు వస్తాయి. కప్పు అన్నచోటల్లా 240 మి.లీ. కప్పు అని గ్రహించాలి.

- తీపి గుమ్మడి ముక్క: చెక్కుతో సహా 600 గ్రాములు (దీని నుంచి ఆరబెట్టిన గుజ్జు 240 గ్రాములు, అంటే ఒక కప్పు వాడుతాం)
- గోధుమపిండి: 130 గ్రాములు, అంచుకు సమంగా ఒక కప్పు
- పొడి బియ్యప్పిండి: 75 గ్రాములు, అర కప్పు
- తరిగిన బెల్లం: 90 గ్రాములు, సుమారు అర కప్పు
- బెల్లం కరిగించడానికి నీళ్లు: పావు కప్పు
- కాస్త పులిసిన చిక్కటి మజ్జిగ: ముప్పావు కప్పు, అదనంగా మరి రెండు మూడు చెంచాలు
- కరిగించిన నెయ్యి: పిండిలోకి రెండు టేబుల్ స్పూన్లు, పెనానికి మరి కొంచెం
- వంటసోడా: అర టీస్పూను, అంచుకు సమంగా
- ఉప్పు: పావు టీస్పూను
- యాలకుల పొడి: అర టీస్పూను
- శొంఠి పొడి: పావు టీస్పూను

గోధుమపిండి అట్టును పట్టి ఉంచుతుంది, బియ్యప్పిండి అంచులకు కరకర ఇస్తుంది. పూర్తిగా బియ్యప్పిండితో చేస్తే తిప్పేటప్పుడు విరుగుతుంది, పూర్తిగా గోధుమపిండితో చేస్తే కొంచెం సాగుతుంది. ఈ పాళ్లు ఆ రెండింటి మధ్య కుదిరినవి. శొంఠిని మాత్రం మానవద్దని నా సలహా. గుమ్మడికి ఉండే ఒక రకమైన పచ్చివాసనను అది యాలకుల కన్నా బాగా అణచివేస్తుంది.

బియ్యప్పిండి ఏ బియ్యానిదన్నది కూడా గమనించాలి. పాతబియ్యపు పిండి ఎక్కువ తడి పీలుస్తుంది, కొత్తబియ్యపు పిండి తక్కువ పీల్చి జిగురుగా ఉంటుంది. కోతలు అయిన కొత్తలో ఆడించిన పిండి అయితే మజ్జిగను రెండు చెంచాలు తగ్గించి మొదలుపెట్టండి. అరిసెల కోసం బియ్యం నానబెట్టి ఆడించిన తడిపిండి ఇంట్లో ఉంటే దానిని వాడవచ్చు కాని, అప్పుడు మజ్జిగ అర కప్పుతోనే మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకోవాలి.

3. ముందురోజు సాయంత్రం: గుజ్జు తయారుచేయడం

అట్టు బాగుండడం, చెడిపోవడం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి ఈ భాగంలో తొందరపడకూడదు.

ముక్కకు గింజలు, పీచు తీసి, చెక్కు తీసి, అంగుళం ముక్కలుగా కోయండి. వాటిని ఆవిరి మీద ఉడికించాలి. ఇడ్లీ పాత్రలో చిల్లుల పళ్లెం పెట్టి, దాని మీద ముక్కలు పరిచి, మూత పెట్టి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉంచితే చాకు గుచ్చగానే దిగేంత మెత్తబడతాయి. కుక్కరులో నీళ్లు పోసి విజిళ్లు వచ్చేదాకా ఉడికించడం చాలా ఇళ్లలో అలవాటు. కాని అలా చేస్తే ముక్క మరింత నీరు పీల్చుకుంటుంది, తీపిలో కొంత ఆ నీళ్లలోకి పోతుంది. కుక్కరే వాడవలసి వస్తే ముక్కలను నీళ్లలో వేయకుండా, అడుగున నీళ్లు పోసి, పైన గిన్నెలో ముక్కలు పెట్టి, ఒక్క విజిల్‌తో దించండి.

ఉడికిన ముక్కలను జల్లెడలో వేసి పది నిమిషాలు వదిలేస్తే కొంత నీరు తనంతట తానే దిగిపోతుంది. తరువాత పప్పుగుత్తితో మెదిపి, పీచు ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తే జల్లెడ మీద గరిటెతో రుద్దండి. మిక్సీలో వేసినా తప్పులేదు కాని, మిక్సీ తిరగడం లేదని నీళ్లు పోయవద్దు.

ఇప్పుడు గుజ్జును అడుగు మందంగా ఉన్న మూకుడులో వేసి, సన్నని మంట మీద కలుపుతూ ఆరబెట్టాలి. నెయ్యి, నూనె ఏదీ అక్కర్లేదు. కాయను బట్టి ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. చాలామంది వదిలేసే దశ ఇదే. ఉడికించడంతో పని అయిపోయిందనుకొని నేరుగా పిండిలో కలిపేస్తారు, ఆ తరువాత పిండి పలుచనైందని గోధుమపిండి గుప్పెళ్లతో చేర్చుతారు, చివరికి గుమ్మడి రుచి లేని గోధుమ అట్టు తేలుతుంది.

గుజ్జు సరిపడా ఆరిందో లేదో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు ఉన్నాయి.

- గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ గీత వెంటనే పూడిపోకుండా రెండు మూడు క్షణాలు నిలవాలి.
- చెంచాతో తీసి పళ్లెంలో పెడితే కుప్పగా నిలవాలి, చుట్టూ నీరు ఊరకూడదు.
- రంగు మొదటికన్నా ఒక పాలు ముదరాలి, పచ్చివాసన పోయి తియ్యటి వాసన రావాలి.

గుజ్జును పూర్తిగా చల్లార్చి, మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఉదయం తీసినప్పుడు పైన నీరు తేలి ఉంటే ఆ నీటిని వంచేయాలి.

4. బెల్లం కరిగించడం

దీనిని కూడా రాత్రే చేసి పెట్టుకోవచ్చు. తరిగిన బెల్లంలో పావు కప్పు నీళ్లు పోసి సన్నని మంట మీద కరిగేదాకా ఉంచాలి. పాకం పట్టనక్కర లేదు, తీగ రానక్కర లేదు. కరగగానే దించి, సన్నని జల్లెడలో వడకట్టండి. బెల్లంలో ఇసుక, చెరకు పిప్పి తరచుగా ఉంటాయి కాబట్టి వడకట్టడం మానకూడదు.

బెల్లం నీళ్లు గోరువెచ్చగా అయ్యేదాకా చల్లారిన తరువాతే పిండిలో కలపాలి. వేడిగా పోస్తే మజ్జిగ విరుగుతుంది, బియ్యప్పిండి అక్కడక్కడ ఉడికి ఉండలు కడుతుంది. గుమ్మడి బాగా తియ్యగా ఉంటే బెల్లాన్ని 70 గ్రాములకు తగ్గించవచ్చు. 120 గ్రాములు దాటితే మాత్రం లోపల ఉడికేలోపు పైన నల్లబడడం ఖాయం.

5. ఉదయం: పిండి కలిపే క్రమం

ఏది ముందు, ఏది తరువాత అన్నది ఇక్కడ ముఖ్యం.

మొదట వెడల్పాటి గిన్నెలో గోధుమపిండి, బియ్యప్పిండి, ఉప్పు, యాలకుల పొడి, శొంఠి పొడి వేసి కలిపి, ఒకసారి జల్లించండి. వంటసోడా ఇప్పుడే వేయవద్దు.

మరో గిన్నెలో గుమ్మడి గుజ్జు, బెల్లం నీళ్లు, మజ్జిగ, కరిగించిన నెయ్యి వేసి గుజ్జు ఎక్కడా ముద్దలుగా మిగలకుండా కవ్వంతో చిలకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుజ్జు చల్లగా ఉంటే నెయ్యి గడ్డకట్టి పలుకులు పలుకులుగా తేలుతుంది. అందుకని గుజ్జును ముందు అరగంట బయట పెట్టుకోవాలి.

తడి మిశ్రమాన్ని పొడి పిండిలో పోసి, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ, పొడిపిండి కనపడనంతవరకే కలపండి. చిన్న చిన్న ఉండలు మిగిలినా పరవాలేదు, నానేటప్పుడు అవే కలిసిపోతాయి. గోధుమపిండిని ఎంత ఎక్కువగా కలిపితే అంత సాగుడు పుడుతుంది, అట్టు మెత్తదనం అంత తగ్గుతుంది. మూత పెట్టి పదిహేను నిమిషాలు నానబెట్టాలి. ఈ లోపల పెనం సిద్ధం చేసుకోవచ్చు.

నానిన తరువాత పిండి జారు చూడండి. గరిటెతో ఎత్తి వంచితే ఇడ్లీ పిండి కన్నా కాస్త జారుగా, మినపట్టు పిండి కన్నా చిక్కగా, మందంగా మెల్లగా పడాలి. గట్టిగా ఉంటే మజ్జిగను ఒక్కొక్క చెంచా చొప్పున చేర్చండి.

వంటసోడా చివరి పని. మజ్జిగలోని పులుపు తగిలిన వెంటనే సోడా పొంగడం మొదలుపెడుతుంది కాబట్టి, ముందే వేస్తే ఆ పొంగు గిన్నెలోనే అయిపోతుంది. పెనం వేడెక్కిన తరువాత సోడాను ఒక చెంచా మజ్జిగలో కలిపి పిండిలో పోసి, నాలుగైదు సార్లు మెల్లగా తిప్పి, వెంటనే అట్లు వేయడం మొదలుపెట్టాలి.

గుడ్డు తినేవారు ఒక గుడ్డును తడి మిశ్రమంలో చిలికి, మజ్జిగను మూడు టేబుల్ స్పూన్లు తగ్గించుకోవచ్చు. అట్టు కొంచెం తేలికగా వస్తుంది, తిప్పడం సులువవుతుంది.

6. పెనం, మంట, తిప్పడం

ఇనప పెనమైనా, నాన్‌స్టిక్ పెనమైనా సరే, అడుగు మందంగా ఉండాలి. పలుచని పెనం మీద మంట తగిలిన చోట మాడి, మిగిలిన చోట పచ్చిగా ఉంటుంది. ముందురోజు ఉల్లిపాయ, మిరపకాయలతో అట్లు వేసిన ఇనప పెనమైతే ఆ వాసన తీపి అట్టుకు పట్టకుండా బాగా తోమి, నెయ్యి రాసి ఒకసారి కాల్చి తుడవండి. పెనానికి రాయడానికి కూడా ఉల్లిపాయ చెక్కకు బదులు నెయ్యిలో ముంచిన మడత గుడ్డ వాడాలి.

పెనం మధ్యరకం మంట మీద వేడెక్కాక నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. చుక్కలు చుర్రుమని రెండు మూడు క్షణాల్లో ఆవిరైతే వేడి సరిపోయింది. చుక్కలు గోళీల్లా పెనమంతా పరుగెత్తితే వేడి ఎక్కువైనట్టు. మినపట్టుకు ఆ వేడి తట్టుకోవచ్చు కాని, బెల్లం, గుమ్మడి రెండూ ఉన్న ఈ పిండి మాడిపోతుంది. మంట తగ్గించి ఒక నిమిషం ఆగాలి.

మొదట ఒక చెంచా పిండితో చిన్న అట్టు వేసి చూడండి. తీపి, ఉప్పు, మంట అన్నీ దానితోనే తెలిసిపోతాయి.

తరువాత ఈ క్రమంలో వేయాలి.

- మంట సన్నానికి, మధ్యకు నడుమ ఉంచి, పెనానికి పలుచగా నెయ్యి రాయాలి. నెయ్యి గుంటలుగా నిలిస్తే అట్టుకు మచ్చలు పడతాయి.
- పావు కప్పు పిండి పోసి వదిలేయాలి. గరిటెతో దోసెలా తిప్పకూడదు. అది తనంతట తాను నాలుగు అంగుళాల వెడల్పుకు పరుచుకుంటుంది.
- మూత పెట్టి రెండు నుంచి మూడు నిమిషాలు కాలనివ్వాలి.
- మూత తీస్తే పైన బుడగలు పగిలి చిల్లులు నిలిచి ఉండాలి, అంచుల చుట్టూ తడి మెరుపు పోయి ఉండాలి. అప్పుడే అట్లకాడ పూర్తిగా కిందికి దూర్చి ఒక్కసారిగా తిప్పాలి.
- రెండోవైపు మూత లేకుండా ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు చాలు.
- తిప్పిన అట్టును అట్లకాడతో నొక్కకూడదు. నొక్కితే లోపల పట్టిన గాలి పోయి అట్టు చపాతీలా అణిగిపోతుంది.

రెండు మూడు వాయిలు అయ్యేసరికి పెనం వేడి పెరుగుతుంది. ప్రతి వాయికీ ముందు మంట కాస్త తగ్గించి, తడిగుడ్డతో పెనాన్ని ఒకసారి తుడిస్తే అట్లన్నీ ఒకే రంగులో వస్తాయి.

7. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

పైన ముదురు గోధుమ రంగు వచ్చినా లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువని అర్థం. మంట తగ్గించి మూత పెట్టి వేయండి. మంట తగ్గించినా లోపల ముద్దగానే ఉంటే గుజ్జు సరిగ్గా ఆరలేదు. మిగిలిన పిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి, పది నిమిషాలు ఆగి, అట్లను చిన్నవిగా, పలుచగా వేయండి. ఇటువంటప్పుడు గోధుమపిండి చేర్చవద్దు, సాగుడు పెరుగుతుంది.

తిప్పేటప్పుడు చీలిపోతే ఎక్కువసార్లు కారణం తొందరే. బుడగలు వస్తున్నాయి కాని ఇంకా పూడుకుపోతున్నాయంటే అట్టు సిద్ధం కాలేదు. అట్టు పెద్దదైనా చీలుతుంది. అట్లకాడ వెడల్పును మించిన అట్టు వేయకపోవడమే మంచిది.

పెనానికి అతుక్కుంటే పెనం సరిగ్గా కాగకముందే పిండి పోసినట్టు, లేదా ముందు వాయి తాలూకు బెల్లం మరకలు పెనం మీద మిగిలినట్టు. తుడిచి, నెయ్యి రాసి, మళ్లీ నీటి చుక్కల పరీక్ష చేయండి.

మిగతావి క్లుప్తంగా:

- రబ్బరులా సాగుతోంది: పిండి ఎక్కువగా కలిపారు. ఈ పిండికి మందు లేదు, మరుసటిసారి చేయి తగ్గించాలి.
- సబ్బు రుచి వస్తోంది: సోడా ఎక్కువైంది, లేదా మజ్జిగ పులియలేదు. మిగిలిన పిండిలో అర చెంచా నిమ్మరసం కలిపితే కొంత సర్దుకుంటుంది.
- పొంగడం లేదు: సోడా పాతబడి ఉండవచ్చు. చిటికెడు సోడా మీద నిమ్మరసం పిండితే బుస్సుమని పొంగాలి, లేకపోతే కొత్తది తెచ్చుకోవాలి.
- గుమ్మడి రుచి తెలియడం లేదు: కాయ లేతది, లేదా పిండి పాలు ఎక్కువైంది.

8. ఉదయం పని వరుస

ఎనిమిది గంటలకు అందరూ కూర్చోవాలంటే ఈ వరుస సరిపోతుంది.

- 6:40: గుజ్జు, మజ్జిగ ఫ్రిజ్‌లోంచి బయట పెట్టాలి.
- 7:10: పొడిపిండ్లు జల్లించి, తడి మిశ్రమం చిలికి, రెండూ కలిపి నానబెట్టాలి.
- 7:25: పెనం వేడిచేసి, జారు సరిచూసి, సోడా కలపాలి.
- 7:30: అట్లు మొదలు. పెనం మీద ఒకేసారి రెండు అట్లు పడితే అరగంటలో పన్నెండూ అవుతాయి.

వేసిన అట్లను వేడిగా ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. ఆవిరి నిలిచి కింది అట్లు తడిసిపోతాయి. వెదురు బుట్టలోనో చిల్లుల పళ్లెంలోనో విడివిడిగా పరిచి, పైన పలుచని గుడ్డ కప్పండి. హాట్‌బాక్సులో పెట్టవలసి వస్తే అడుగున పొడిగుడ్డ వేసి, మూత కొంచెం వారగా ఉంచాలి.

9. పక్కన ఏమి వడ్డించాలి

వేడి అట్టు మీద చెంచా నెయ్యి, గుప్పెడు పచ్చికొబ్బరి కోరు చాలు. దిబ్బరొట్టెలోకి వేసుకునే చెరకు పానకం ఇంట్లో ఉంటే అది వీటికి కూడా చక్కగా కుదురుతుంది. అప్పుడు పిండిలో బెల్లం 60 గ్రాములకు తగ్గించండి. కోనసీమ ఇళ్లలో కొబ్బరికాయకు కొరత ఉండదు కనుక మొదటిసారి పిండిన చిక్కటి కొబ్బరిపాలలో కొద్దిగా బెల్లం, యాలకులు వేసి, అట్లు అందులో ముంచుకొని తినడం కూడా బాగుంటుంది. కొబ్బరిపాలను గోరువెచ్చగా చేయడమే కాని మరిగించకూడదు, మరిగితే విరుగుతాయి.

తేనె వేసేవారు ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె పెట్టవద్దు.

తీపి వద్దనుకునేవారికి బెల్లం, యాలకులు మాని, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర తరిగి వేసి, ఉప్పు అర టీస్పూనుకు పెంచి, బెల్లం నీళ్లకు బదులు అంతే మజ్జిగ పోస్తే కారపు అట్లు అవుతాయి. వాటికి కొబ్బరి పచ్చడి సరిపోతుంది.

10. మిగిలిన వాటిని నిల్వచేయడం

సోడా కలపని పిండి ఫ్రిజ్‌లో మరుసటి ఉదయం వరకు ఉంటుంది. అందుకని ఇంట్లో అందరూ ఒకేసారి తినని రోజున పిండిని రెండు గిన్నెలుగా పంచుకొని, వేసే గిన్నెలోనే సోడా కలపండి. సోడా కలిపిన పిండి మిగిలితే దాచకుండా అట్లు వేసి పెట్టుకోవాలి.

వేసిన అట్లు పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు నిలుస్తాయి. మళ్లీ వేడిచేయడానికి సన్నని మంట మీద పొడి పెనంపై వేసి, మూత పెట్టి, ఒక్కో వైపు నిమిషం చొప్పున ఉంచండి. మైక్రోవేవ్‌లో పెడితే అట్టు మెత్తబడి, కరకరలాడే అంచులు పోతాయి.

పెద్దకాయ కోసినప్పుడు ఆరబెట్టిన గుజ్జును ఒక్కొక్క కప్పు చొప్పున కవర్లలో కట్టి, లోపలి గాలి నొక్కి తీసి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే రెండు మూడు నెలల వరకు వాడుకోవచ్చు. వాడే ముందు రాత్రి కింది అరలోకి మార్చి కరగనివ్వండి. కరిగిన గుజ్జు తప్పకుండా కొంత నీరు వదులుతుంది. దానిని వంచేసి, మూకుడులో రెండు మూడు నిమిషాలు మళ్లీ ఆరబెట్టి, చల్లారాకే పిండిలో కలపాలి.